రెండో నెల పైసలు కట్టినోడే కస్టమర్

సబ్‌స్క్రిప్షన్ అంటే మన ఊర్లకు కొత్త ముచ్చట కాదు. నెల నెలా కేబుల్ పైసలకు వచ్చే పిలగాడు, పాలాయన గోడ మీద రాసే లెక్క, పేపర్ బిల్లు, వాటర్ క్యాన్లు ఎన్ని దించిండో రాసుకునే చిన్న బుక్కు.. అన్నీ సబ్‌స్క్రిప్షన్లే. సామాను ఒక్కసారి అమ్మి చేతులు దులుపుకునుడు వేరు, కొంచెం కొంచెం తీసుకుంట నెల నెలా పని చేసిపెట్టుడు వేరు. సాఫ్ట్‌వేర్ వ్యాపారం ఇప్పుడు ఈ రెండో తొవ్వలనే నడుస్తున్నది. ఎన్కట సీడీ కొని కంప్యూటర్ల ఎక్కించుకునేటోళ్లు. సేల్స్‌ఫోర్స్ అనే అమెరికా కంపెనీ 1999ల మొదలైనప్పటి నుంచే ఇంటర్నెట్ మీద సాఫ్ట్‌వేర్‌ను కిరాయికి ఇస్తున్నది. ఫొటోషాప్ చేసే అడోబ్ కూడా 2013ల డబ్బాల పెట్టి అమ్ముడు పక్కకు పెట్టి నెల కిరాయికి మారింది.

మన పిలగాండ్లకు సాఫ్ట్‌వేర్ తయారుచేసుడు రాక కాదు. బీటెక్, ఎంసీఏ చేసినోళ్లు, డిగ్రీ అయినంక అమీర్‌పేటల కోర్సు నేర్చుకున్నోళ్లు ప్రతి మండలంల ఉన్నరు. ఇప్పుడు ఏఐ వచ్చినంక నెల రోజుల పని వారంల అయితున్నది. యాప్ తయారైతది, ప్లే స్టోర్‌ల ఎక్కుతది, సోపతిగాళ్లంత స్టేటస్‌లు పెడ్తరు, ఐదారు వందల డౌన్‌లోడ్లు వస్తయి. ఆడికెల్లి బండి ముందుకు కదలదు. పైసలు ఎవలిస్తరు, ఎందుకిస్తరు, వచ్చే నెల మళ్లెందుకిస్తరు అనే లెక్క ఎవలూ చెప్పరు. ఏ కాలేజీల ఆ సబ్జెక్టు లేదు. ఆ లెక్కనే ఇక్కడ విప్పి చూద్దాం.

లెక్క గాలిల చెప్తే పట్టదు, ఒక జాగ కావాలె. సికింద్రాబాద్‌ల ఫలక్‌నుమా దిక్కు పోయే ఎంఎంటీఎస్ ఎక్కితే మొదటి స్టేషన్ సీతాఫల్‌మండి. దాని తర్వాత ఆర్ట్స్ కాలేజీ, జామై ఉస్మానియా. ఇటు చిలకలగూడ, అటు వారాసిగూడ. ఉస్మానియా యూనివర్సిటీ పక్కనే గాబట్టి జిల్లాల నుంచి చదువుకోను, గ్రూప్స్‌కు ప్రిపేర్ కాను వచ్చేటోళ్లకు ఇవన్నీ తెలిసిన గల్లీలే. కిరాయి రూములు, హాస్టళ్లు, మెస్సులు, జిరాక్స్ షాపులు, మెడికల్ షాపులు, ట్యూషన్లు. మాదాపూర్ అద్దాల బిల్డింగులు ఇక్కడ కనవడవు. అయినా సాఫ్ట్‌వేర్ అమ్ముడు నేర్చుకోవాలంటే మాదాపూర్ కంటె ఇసొంటి జాగనే మంచిదని నేనంట. మాదాపూర్‌ల సాఫ్ట్‌వేర్ చేసేటోళ్లు దొరుకుతరు, ఇక్కడ సాఫ్ట్‌వేర్ అవసరమున్నోళ్లు దొరుకుతరు.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఇద్దరు పిలగాండ్లు హాస్టల్ ఓనర్ల కోసం ఒక సాఫ్ట్‌వేర్ చేసిన్రు. ఎవలు కిరాయి కట్టిన్రు, ఎవలు కట్టలే, ఏ బెడ్డు ఖాళీగున్నది, ఎవల అడ్వాన్స్ ఎంత.. ఇదంత ఫోన్ల కనవడ్తది. నెలకు 499 రూపాయలు. ఇది ఎవల కథో కాదు, లెక్క కోసం పెట్టుకున్నది.

పెద్దోళ్లు ఏడ మొదలువెట్టిన్రు?

మన దగ్గరనే పుట్టి పెద్దగైన సబ్‌స్క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఉన్నయి. వాటి పేర్లు కోట్ల డాలర్ల వార్తలల్లనే వినవడ్తయి గానీ, పనికొచ్చే ముచ్చట మొదట్ల ఉంటది.

జెనోటిని చూడున్రి. మైక్రోసాఫ్ట్‌ల పనిచేసి వచ్చిన సుధీర్ కోనేరు తన తమ్ముడు ధీరజ్‌తోని కలిసి 2010ల పెట్టిన కంపెనీ. మొదట్ల దాని పేరు మేనేజ్‌మైస్పా. పేరుల్నే ఉన్నది ముచ్చటంత. స్పా, సెలూన్ నడిపేటోళ్లకు అపాయింట్‌మెంట్లు, బిల్లులు, స్టాకు చూసుకునే సాఫ్ట్‌వేర్. ఆయన అంతకుముందు స్పా, ఫిట్‌నెస్ సెంటర్ల వ్యాపారంల దిగి చూసిండు. వాటిని నడపను సరైన సాఫ్ట్‌వేర్ దొరకలే. ఆ తిప్పల్ల నుంచే ఈ వ్యాపారం పుట్టింది. 2020 డిసెంబర్‌ల దాని విలువ వంద కోట్ల డాలర్లు దాటింది. కటింగ్ షాపు సాఫ్ట్‌వేర్‌కు అంత ముచ్చటనా అని నవ్వేటోళ్లు నవ్వుతరు. కానీ ఒకే ఒక్క వృత్తిని పట్టుకున్నందుకే ఆ వృత్తిల ఉన్న ప్రతి చిన్న ఇబ్బంది వాళ్లకు తెలిసింది.

ఇంకో రెండు కంపెనీలను పక్కపక్కన పెట్టి చూడాలె. డార్విన్‌బాక్స్, కేకా. రెండూ హైదరాబాద్‌వే. రెండూ ఉద్యోగుల హాజరు, సెలవులు, జీతాల లెక్క చూసే సాఫ్ట్‌వేర్లే. డార్విన్‌బాక్స్‌ను జయంత్ పాలేటి, రోహిత్ చెన్నమనేని, చైతన్య పెద్ది 2015ల మొదలువెట్టిన్రు. వాళ్లు పెద్ద పెద్ద సంస్థల వెంబడి పోయిన్రు. 2022 జనవరిల వాళ్ల విలువ కూడా వంద కోట్ల డాలర్లు దాటింది. విజయ్ యలమంచిలి పెట్టిన కేకా చిన్న, నడిమి సైజు కంపెనీల దిక్కు చూసింది. 2022 నవంబర్‌ల వెస్ట్‌బ్రిడ్జ్ దాంట్ల 5.7 కోట్ల డాలర్లు పెట్టింది. ఒకటే ఊరు, ఒకటే పని, రెండూ నిలబడ్డయి. ఎందుకంటె ఇద్దరి కస్టమర్లు వేరు. పెద్ద సంస్థకు అమ్మాలంటే నెలల తరబడి మీటింగులు, పది మంది సంతకాలు. చిన్న కంపెనీకి అమ్మాలంటే ఓనర్ ఒక్కడే, ఆయనకు పది నిమిషాల్ల అర్థం కావాలె, రేటు వెబ్‌సైట్ మీద కనవడాలె. ‘అందరి కోసం’ అని సాఫ్ట్‌వేర్ చేస్తే ఈ రెండు తీర్ల అమ్మకం ఒక్కడే చేయాల్సొస్తది. ఇద్దరు పిలగాండ్లతోని అది కాదు.

మన హాస్టల్ పిలగాండ్లు కూడా ఈడనే తేల్చుకోవాలె. 40 నుంచి 100 బెడ్లున్న హాస్టళ్లు, ఓనరే దగ్గరుండి నడిపేటివి, వారాసిగూడ నుంచి జామై ఉస్మానియా దాక. అంతే. లాడ్జీలు వద్దు, అపార్ట్‌మెంట్లు వద్దు, కాలేజీ హాస్టళ్లు వద్దు. కాలేజీ హాస్టల్ అయితే కొనేది ఓనర్ కాదు, మేనేజ్‌మెంట్. అది వేరే ఆట.

మొహం మీద కాదనరు

మొదట చేయాల్సిన పని అమ్ముడు కాదు, అడుగుడు. అది కూడా ‘అన్నా, ఇసొంటి యాప్ చేస్తే కొంటరా?’ అని అడగొద్దు. మన దగ్గర మొహం మీద ఎవలూ కాదనరు. ‘మంచిగుంది తమ్మీ, చూద్దాం తీ’ అంటరు. చాయ్ కూడా తాపుతరు. ఆ మాటను ఆర్డర్ అనుకొని ఇంటికి పోయి ఆర్నెల్లు కోడ్ రాసినోళ్లు మస్తు మంది ఉన్నరు. మన భాషల ‘చూద్దాం తీ’ అంటే వద్దని అర్థం.

అడగాల్సింది ఇట్ల: పోయిన నెల ఎంత మంది కిరాయి ఆలస్యంగ కట్టిన్రు? ఆ లెక్క ఏడ రాసుకున్నరు? జర చూపిస్తరా? అడ్వాన్స్ తిరిగిచ్చుడు కాడ లొల్లి ఎప్పుడన్న అయిందా? చెప్పకుంట ఖాళీ చేసి పోయినోళ్లు ఎంత మంది? ఇవన్నీ అయిపోయిన సంగతులు. అయిపోయిన సంగతుల మీద మొహమాటం పనిచేయది. ఓనర్ రిజిస్టర్ తీసి చూపిస్తే అందుల కొట్టివేతలు, పెన్సిల్ రాతలు, పక్కకు గుచ్చిన చిట్టీలు కనవడ్తయి. మీ సాఫ్ట్‌వేర్‌ల ఏముండాలెనో ఆ రిజిస్టరే చెప్తది. ఇరవై ముప్పై మంది ఓనర్లను ఇట్ల కలిస్తే వాళ్లు వాడే మాటలు కూడా తెలుస్తయి. వాళ్లు ‘హాస్టల్ మేనేజ్‌మెంట్ సిస్టం’ అనరు. ‘ఎవడు కట్టిండో, ఎవడు కట్టలేదో తెలుస్తలేదు’ అంటరు. మీ పాంప్లెట్ మీద, మీ వాట్సాప్ మెసేజ్‌ల ఆ మాటనే రాయాలె.

ఇగ ఒక ఓనర్‌కు అవసరం నిజంగున్నదా లేదా అనేది ఒక్కటే పరీక్ష తేలుస్తది. పైసలు. పూర్తి తయారు కాకముందే, ‘అన్నా, వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మొదలు, మొదటి నెలకు 200 ఇయ్యిన్రి, నచ్చకుంటె వాపస్ ఇస్తం’ అని అడగాలె. పది మందిల ముగ్గురు అక్కడనే ఫోన్‌పే కొడితే ఆ పనికి డిమాండ్ ఉన్నట్టు. పది మంది చాయ్ తాపి పంపితే ఇంకో సమస్య వెతుక్కోవాలె. అట్ల తేలినా నష్టం లేదు, ఆర్నెల్లు మిగిలినయి.

ముందు ఫ్రీగ ఇచ్చి, అలవాటైనంక పైసలు తీసుకుందాం అనేటోళ్లున్నరు. వెనక వందల కోట్ల పెట్టుబడి ఉన్నోళ్లకు అది నడుస్తదేమో. మీకు నడువది. ఫ్రీగ వాడేటోడు తప్పులు చెప్పడు, పట్టించుకోడు, ఒకరోజు తీసేస్తడు. 200 కట్టినోడు పొద్దుగాల ఆరింటికే ఫోన్ చేసి తిడ్తడు. ఆ తిట్లే మీకు కావాల్సింది.

మొదటి ఇరవై మందిని చేతులతోనే తేవాలె

అమెరికాల స్ట్రైప్ అని ఆన్‌లైన్ పేమెంట్ల కంపెనీ ఉన్నది. ఇయ్యాల ప్రపంచంల పెద్ద కంపెనీలల్ల అదొకటి. పెట్టినోళ్లు పాట్రిక్, జాన్ కాలిసన్ అనే ఇద్దరు అన్నదమ్ములు. మొదట్ల ఎవలన్న వాడి చూస్తమంటే లింకు పంపుతమని పోయేటోళ్లు కాదట. ఆ మనిషి ల్యాప్‌టాప్ తీసుకొని అక్కడికక్కడ పెట్టిచ్చేటోళ్లట. పాల్ గ్రాహం అనే పెట్టుబడిదారు 2013ల రాసిన ఒక వ్యాసంల ఈ సంగతి చెప్పిండు. కోడ్ రాసేటోళ్లకు ఇది నామోషీ అనిపిస్తది. మాదంత ఆటోమేటిక్ కదా, లింక్ నొక్కితే అయిపోతది కదా అంటరు.

సీతాఫల్‌మండిల హాస్టల్ ఓనర్‌కు లింక్ పంపితే ఏమైతదో చూడున్రి. ఆయన నొక్కుతడు, పేరు, ఫోన్ నంబర్ కొడ్తడు, లోపటికి పోతడు. ఖాళీ స్క్రీన్. 60 మంది పేర్లు, నంబర్లు, రూములు, అడ్వాన్సులు ఆయననే కొట్టాలె. అప్పుడే ఎవలో మోటర్ కాలిపోయిందని పిలుస్తరు. ఫోన్ జేబుల పెట్టుకొని పోతడు. మళ్లీ ఆ యాప్ తెరువడు. మీ లెక్కల ఒక సైన్అప్, ఆయన లెక్కల ఏం లేదు.

అందుకే మొదటి ఇరవై హాస్టళ్లకు రిజిస్టర్ ముందట పెట్టుకొని 60 పేర్లు మీరే కొట్టాలె. రెండు గంటలు పడ్తది. కొట్టుడు అయినంక ఆయన ఫోన్ల ‘ఈ నెల కట్టనోళ్లు: 9 మంది, 54 వేలు’ అని కనవడాలె. అది చూసిన నిమిషంలనే ఆయన కస్టమర్ అయితడు. ట్రయల్ కూడా ఆ రోజు నుంచే లెక్క పెట్టాలె, సైన్అప్ రోజు నుంచి కాదు. ఇంకో కిటుకు ఏందంటే, కిరాయిలు ఒకటి నుంచి పది తారీఖు దాక వస్తయి. పదిహేనున మొదలువెట్టి 14 రోజుల ట్రయల్ ఇస్తే ఆయన ఒక్క కిరాయి సీజన్ కూడా చూడకుంటనే ట్రయల్ అయిపోతది. నెలాఖరున, 25 తర్వాత ఎక్కించాలె.

చిల్లు కుండ లెక్క

ఇగ అసలు లెక్క. నెలకు 10 హాస్టళ్లను కొత్తగ తెస్తున్నరనుకుందాం. ఏడాదికి 120. కానీ నెల నెలా ఉన్నోళ్లల్ల కొంత మంది ఆపేస్తరు. దీన్ని సాఫ్ట్‌వేరోళ్లు ‘చర్న్’ అంటరు. మన భాషల చిల్లు కుండ కారుడు.

నెలకు వందల పది మంది ఆపేస్తే, ఏడాది చివరికి మీ దగ్గర మిగిలేది 120 కాదు, 72. ఇంకా ఇట్లనే ఎన్నేండ్లు తిరిగినా 100 దాటది. ఎందుకంటె వంద మంది ఉన్నప్పుడు నెలకు పది మంది పోతరు, మీరు తెచ్చేది కూడా పదే. కాళ్లు అరిగేటట్టు తిరిగినా కుండ ఆడనే ఆగిపోతది. అదే నెలకు వందల ముగ్గురే పోతే? ఏడాది చివరికి 102 మంది ఉంటరు. ఆ తర్వాత కూడా పెరుగుకుంటనే పోయి 333 దగ్గర నిలబడ్తది. తెచ్చుడు మారలే, తిరుగుడు మారలే. కారుడు ఒక్కటే తగ్గింది.

ఇంకో తీరుగ చూడాలె. నెలకు వందల పది మంది పోతున్నరంటే ఒక కస్టమర్ సగటున పది నెలలు ఉంటడు. 499 చొప్పున 4,990 రూపాయలు ఇచ్చి పోతడు. వందల ఐదుగురు పోతే సగటున 20 నెలలు, 9,980 రూపాయలు. ఒక కస్టమర్‌ను తేనీకి యాడ్లు, పెట్రోల్, పాంప్లెట్లు కలిపి 3 వేలు ఖర్చయితుందనుకుంటే, మొదటి ఆరు నెలలు ఆయన కట్టేది ఆ ఖర్చుకే పోతది. మీకు మిగులుడు ఏడో నెల నుంచి. ఐదో నెలల ఆపేసినోడు మీకు నష్టం చేసి పోయినట్టే. అందుకే మూడు నెలల పాటు కస్టమర్లు నిలబడుడు చూడకుంట ఫేస్‌బుక్ యాడ్లకు పైసలు పెట్టుడు చిల్లు కుండల నీళ్లు పోసుడే.

మరి ఎందుకు ఆపేస్తరు? సాఫ్ట్‌వేర్ మంచిగలేక ఆపేసేటోళ్లు తక్కువే. కొంత మంది మొదటి నుంచే సరిగ్గ వాడలే. కొన్ని హాస్టళ్లే మూతవడ్డయి. ఇంకొంత మంది ఎండకాలం ఆపుతరు. పరీక్షలు అయిపోయి పిలగాండ్లు ఊర్లకు పోతరు, బెడ్లు ఖాళీ అయితయి, ఓనర్ ఖర్చులు కోస్తడు. మొదట కోసేది మీ 499. గ్రూప్స్ నోటిఫికేషన్ వాయిదా వడ్డా ఇదే కథ (సర్కారు నోటిఫికేషన్‌కు, మీ సాఫ్ట్‌వేర్ ఆదాయానికి సంబంధం ఉంటదని ఏ మార్కెటింగ్ పుస్తకంల రాయరు). దీనికి మందు ఉన్నది. ‘మే, జూన్ నెలలకు 99 కట్టున్రి, మీ లెక్కలన్నీ భద్రంగ ఉంటయి, జులై నుంచి మళ్లా మామూలు’ అని మీరే ముందుగాల చెప్పాలె. ఆపేసినోణ్ని మళ్లా తెచ్చుడు కంటె 99కి నిలబెట్టుడు సులువు.

499 అని ఎవలు చెప్పిన్రు?

రేటు పెట్టుడు కాడ మన పిలగాండ్లు బాగ భయపడ్తరు. 49కి ఇస్తే అందరు తీసుకుంటరని అనుకుంటరు. ఓనర్ లెక్క వేరే ఉంటది. ఒక బెడ్డు కిరాయి నెలకు 6 వేలు అనుకుంటే, మీ సాఫ్ట్‌వేర్‌కు ఏడాదికి అయ్యేది 5,988. అంటే ఒక్క మనిషి ఒక్క నెల కిరాయి ఎగవెట్టకుంట ఆపితే ఏడాది ఖర్చు ఎల్లిపాయె. ఓనర్‌కు చెప్పాల్సింది ఈ మాటనే. ఫీచర్ల లిస్టు అవసరం లేదు. 49 రూపాయలకు ఇస్తే 72 మంది నుంచి నెలకు వచ్చేది 3,528. అండ్ల మీ పెట్రోల్ కూడా రాదు. 499 అయితే 35,928. సర్వర్, మెసేజ్‌ల ఖర్చు, పేమెంట్ ఫీజులు పోను ఇద్దరికి చిన్న జీతాల లెక్క. పెద్ద పైసలు కావు. ఇంటి మీద ఆధారపడకుంట నిలబడేటన్ని. అది కూడా ఏడాది చివరికి. అందుకే ఉన్న పని ఇడిసిపెట్టి, అప్పు తెచ్చి దీంట్ల దిగమని నేను చెప్పను. పొద్దంత వేరే పని, సాయంత్రం ఇది అన్నట్టు మొదలువెట్టొచ్చు. హాస్టల్ ఓనర్లు కూడా సాయంత్రమే తీరుబడిగ దొరుకుతరు.

జీఎస్టీ సంగతి ముందే తెలుసుకోవాలె. సేవల వ్యాపారంల ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. 499 చొప్పున అయితే దాదాపు 334 మంది కస్టమర్ల కాడ ఆ గీత వస్తది. ఆడికెల్లి 18 శాతం పన్ను కలిపితే 499 కాస్త 589 అయితది. ప్లే స్టోర్ బిల్లింగ్ ద్వారా సబ్‌స్క్రిప్షన్ అమ్మితే గూగుల్ 15 శాతం దాక కట్ చేసుకుంటది. ఈ లెక్కలన్నీ మొదటి రోజే రేట్ల ఉండాలె. తర్వాత పెంచితే ఓనర్లు ఊకోరు.

రేటుతోని పాటు పైసలు వచ్చే తొవ్వ కూడా చూసుకోవాలె. నెల నెలా 499 కోసం ఫోన్ చేసి అడుగుడంటే మీరు మళ్లా కేబుల్ పిలగాడే అయిన్రు. 2020 జులైల ఎన్‌పీసీఐ యూపీఐ ఆటోపే తెచ్చింది. కస్టమర్ ఒక్కసారి పిన్ కొట్టి ఒప్పుకుంటె నెల నెలా పైసలు వాటంతట అవే కట్ అయితయి. 15 వేల రూపాయల దాక ప్రతిసారి పిన్ కొట్టే పని లేదు. కట్ అయ్యే 24 గంటల ముందు కస్టమర్‌కు కబురు పోవాలెనని ఆర్బీఐ రూల్ పెట్టింది. మంచి సౌలతే గానీ ఒక తిరకాసున్నది. ఆ రోజు ఖాతాల పైసలు లేకుంటె కట్ కాదు. కస్టమర్‌కు ఆపేయాలెనని లేదు, ఆపేసినట్టే అయితది. హాస్టల్ ఓనర్ ఖాతాల పైసలు ఎప్పుడుంటయి? కిరాయిలు వచ్చినంక. బిల్డింగ్ కిరాయి, కిరాణా బిల్లు కట్టకముందు. అంటే ఏడు, ఎనిమిది తారీఖులు. 28న కట్ పెట్టుకుంటె సగం ఫెయిల్ అయితయి. ఈ ఒక్క తారీఖు మార్చుడు పది యాడ్ల కంటె ఎక్కువ పనిచేస్తది.

ఆపేయాలెననుకున్నోడికి తలుపు తెరిచి ఉంచాలె. కొన్ని యాప్‌లు చేరుడు ఒక్క నొక్కుల, బయటపడుడు పది మెట్లల్ల పెడ్తయి. దీన్ని సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ అంటరు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్ 30న ఇచ్చిన మార్గదర్శకాలల్ల 13 రకాల ‘డార్క్ ప్యాటర్న్’లల్ల దీన్ని కూడా చేర్చి నిషేధించింది. చట్టం సంగతి అటుంచితె, సీతాఫల్‌మండిల ఓనర్లందరు ఒకరికొకరు తెలిసినోళ్లే. ఒక్కరిని తిప్పలు పెడితే సాయంత్రానికి గల్లీ అంత తెలుస్తది.

ఎవల నోట వింటె నమ్ముతరు?

టాలీ ఎట్ల పాకిందో చూస్తే మార్కెటింగ్ సంగతి సగం తెలుస్తది. బెంగళూరుల 1986ల గోయెంకా తండ్రీకొడుకులు పెట్టిన కంపెనీ అది. ఇయ్యాల మండల కేంద్రంల కూడా ‘టాలీ నేర్పబడును’ అని బోర్డు కనవడ్తది. షాపాయన యాడ్ చూసి కొనలే. ఆయన లెక్కలు చూసే అకౌంటెంట్‌కు అదే వచ్చు గాబట్టి కొన్నడు. అంటే మీ కస్టమర్ ఎవల మాట వింటడో వాళ్లను పట్టుకోవాలె. హాస్టల్ ఓనర్‌కు బెడ్లు, పరుపులు అమ్మేటాయన, వైఫై పెట్టే పిలగాడు, మెస్సుకు బియ్యం ఏసేటాయన, సీసీ కెమెరాలోడు. కొత్త హాస్టల్ తెరుస్తున్నరంటే అందరికంటె ముందుగాల తెలిసేది వీళ్లకే. పంపిన ప్రతి కస్టమర్ మూడో నెల కట్టినంక వీళ్లకు ఇంత అని ఇయ్యాలె. మొదటి నెలకే ఇస్తే ఎవలినంటె వాళ్లని పంపుతరు.

ఇగ యూట్యూబ్. ‘బెస్ట్ హాస్టల్ సాఫ్ట్‌వేర్’ అని వీడియో పెడితే ఎవలూ చూడరు. ‘అడ్వాన్స్ వాపస్ ఇచ్చేటప్పుడు లొల్లి కాకుంట ఏం రాసుకోవాలె’ అని మన భాషల నాలుగు నిమిషాలు చెప్తే ఓనర్లు చూస్తరు, వాళ్ల వాట్సాప్ గ్రూపుల పంపుకుంటరు. యాప్ ముచ్చట చివర్ల ఒక్క ముక్క చాలు. నంబర్లు కొనుక్కొని మెసేజ్‌లు కుమ్మరించుడు మాత్రం వద్దు. వాట్సాప్ నంబర్ బ్లాక్ అయితది. ఎస్సెమ్మెస్‌లకైతే ట్రాయ్ రూల్స్ ఉన్నయి, రిజిస్టర్ చేసుకోకుంట పంపొద్దు.

పది మంది కస్టమర్లు అయినంక ఇంకో తలనొప్పి మొదలైతది. ‘తమ్మీ, నాకొక్కడికి ఇండ్ల మెస్ లెక్క కూడా పెట్టియ్యి, 5 వేలు ఎక్కువిస్త’ అంటడు ఒకాయన. 5 వేలు కండ్ల ముందట కనవడ్తయి. పెట్టిచ్చిన్రనుకో, వచ్చే నెల ఇంకొకాయన కరెంట్ మీటర్ లెక్క అడుగుతడు. ఆర్నెల్లకు మీ దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ ఉండదు, పది మందికి పది సాఫ్ట్‌వేర్లు ఉంటయి, అన్నీ సగం సగమే. ఒకే మాట ఐదుగురు అడిగితే అందరికీ పెట్టాలె. ఒక్కడే అడిగితే మర్యాదగ ‘ఇప్పుడు కాదన్నా’ అనాలె. ఇది చెప్పినంత సులువు కాదు, చేతుల పైసలు లేనప్పుడు అసలే కాదు.

ఊర్ల అయితే ఎట్ల?

సీతాఫల్‌మండిల హాస్టల్ అయినట్టు జనగామలనో, సిద్దిపేటలనో ఇంకోటి ఉంటది. పాల సెంటర్ లెక్కలు, ప్రైవేట్ స్కూల్ ఫీజులు, వాటర్ ప్లాంట్ క్యాన్లు, ఎరువుల దుకాణం ఉద్దెర ఖాతా, వరికోత మిషన్ గంటల లెక్క. సిటీల కూసున్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి కోత మిషన్ ఓనర్ రాత్రి డ్రైవర్‌తోని ఏం కొట్లాడుతడో తెల్వది. మీకు తెలుసు, మీ బాబాయికి మిషన్ ఉన్నది గాబట్టి.

కానీ ఊర్ల నెల కిరాయి పద్ధతిని అట్లనే దించితె నడువది. పాల సెంటర్‌కు, స్కూల్‌కు నెల నెలా పైసలు తిరుగుతయి. కోత మిషనోళ్లకు, ఎరువుల దుకాణపోళ్లకు తిరుగవు. వాళ్లకు వానకాలం, యాసంగి.. రెండే సీజన్లు. నాట్లప్పుడు ఉద్దెర పోతది, వడ్లు అమ్మినంక పైసలొస్తయి. ఇసొంటోళ్లకు సీజన్‌కు ఇంత అని రేటు పెట్టాలె, వడ్ల పైసలు ఖాతాల పడ్డంక తీసుకోవాలె. అమెరికా సాఫ్ట్‌వేర్ పుస్తకాలల్ల నెల ఆదాయం, నెల ఆదాయం అని ఉంటది. మన ఎరువుల దుకాణం సీజన్లతోని బతుకుతది, సాఫ్ట్‌వేర్ కూడా దాని ఎంబడే నడవాలె.

ఇంకొక సంగతి, నలబై యాబై మంది అయినంక ఎక్కువ మందికి తోచే ఆలోచన ఏందంటే, ఇగ మాదాపూర్‌కు పోయి పెట్టుబడి అడుగుదమని. తప్పేం లేదు. 2015ల మొదలైన టీ-హబ్ ఉన్నది, అడిగేందుకు భయపడొద్దు. కానీ అక్కడ అడిగే మొదటి నాలుగు ప్రశ్నలల్ల ఒకటి, ఆర్నెల్ల కింద చేరినోళ్లల్ల ఇప్పుడు ఎంత మంది కడుతున్నరు అని. దానికి జవాబు ఒక నోట్‌బుక్‌లనే తయారైతది. హాస్టల్ పేరు, చేరిన తారీఖు, ఎవలు పంపిన్రు, ఏ నెల దాక కట్టిన్రు, ఆపితే ఎందుకు ఆపిన్రు. చివరి గడి ఫోన్ చేసి అడిగితేనే నిండుతది. వారానికి ఒక గంట పని. పాతికమంది ఆపినంక ఆ గడిని మీది నుంచి కిందికి చదివితే, వచ్చే నెల ఏ కోడ్ రాయాలెనో, ఏ గల్లీకి పోవద్దో అండ్లనే ఉంటది.

సీతాఫల్‌మండి, వారాసిగూడల పట్టు దొరికినంక అప్పుడు విద్యానగర్, దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట. హాస్టల్ ఓనర్ బామ్మర్దికో, తోడల్లునికో అక్కడ ఇంకో హాస్టల్ ఉండనే ఉంటది. ఫోన్ నంబర్ ఆయననే ఇస్తడు, ‘మావోడే, నేను చెప్పిన్నని చెప్పు’ అంటడు.